రెండు కార్తీకాల గులాబీలు

కిరందుల్ రైల్వే కాలనీ తోటలో గులాబీలన్నిటికీ ఎవరో రెండోసారి తలలు నరికేశారని, కార్తీక వనభోజనాల మర్నాడు పొద్దున్నే తేలింది. ప్రకృతి దారి తప్పితే సరిదిద్దడానికి సర్క్యులర్ ఉంటుంది గానీ, సర్క్యులర్ దారి తప్పితే సరిదిద్దే అధికారం ప్రకృతికి లేదు.

తోటల ఇన్‌ఛార్జి తాతబాబు మోడుల మధ్య కూలబడ్డాడు. ఖనిజపు ఎర్రదుమ్ము పట్టిన ఆ ఆకుల మధ్య మొన్నటిదాకా మొగ్గలుండేవి. తనిఖీ నాటికి అవి విచ్చుకుంటే విశాఖపట్నం బదిలీ ఖాయమన్నారు. ఆ మాట విన్న రోజే అతని భార్య ఎర్రమ్మ సామాను అట్టపెట్టెల్లో సర్దేసింది (వంటగిన్నెలు మాత్రం రోజూ తీస్తోంది, రోజూ సర్దుతోంది).

సంగతేమిటంటే, దసరా దాటినా వానలు పోవడం లేదని ఋతు సర్దుబాటు విభాగం గమనించింది. ఇకపై గులాబీల కత్తిరింపు కార్తీక కృష్ణపక్షంలోనే జరగాలని హిందీలో ఆదేశించింది. తాతబాబు ఆఫీసు గోడమీది హిందీ క్యాలెండరు చూసి, దీపావళికి ముందే ఆ పని ముగించాడు. వాన మాత్రం పడుతూనే ఉంది (దానికి సర్క్యులర్ కాపీ అందలేదు).

విచారణలో మొదట కాలనీలో తిరిగే మేకను అనుమానించారు. కోతలన్నీ ఒకే వాలున ఉండటంతో, మేకకు అంత శిక్షణ లేదని తేల్చి గౌరవంగా విడిచిపెట్టారు. తరవాత తోటమాలి జోగను పిలిచారు.

"నన్నేంది సాబ్ అడుగుతవ్? కొమ్మలు కోసే కైంచీ స్టోర్ల ఉంది. చాబీ భూషణం సాబ్ తాన ఉంది. మేకనైతే ఇడిసిపెట్టిన్రు, నాకు ఇచారణ పేషీ పెట్టిన్రు!"

భూషణంగారంటే సాక్షాత్తూ ఋతు సర్దుబాటు అధికారి. ఆయన్ని అనుమానించాలంటే పై అనుమతి కావాలి. తాతబాబు ఇంటికొచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"నిన్న వనభోజనాలకి ఆయన ఆలీసంగా వచ్చారు, సూసేవా?" అంది ఎర్రమ్మ. "నిమ్మకాయ పులిహోర సెంచాతో తిన్నారయ్యా! సేతి ఏళ్ళు గీరుకుపోతే తప్ప పులిహోరకి సెంచా ఎవులడుగుతారేటి?"

తాతబాబు పరుగున వెళ్ళేసరికి భూషణంగారు ప్లాస్టర్లు వేసుకున్న వేళ్ళతో సంతకాలు పెడుతున్నారు.

"నేనే కోశాను తాతబాబూ," అన్నారు తలెత్తకుండానే. "ఆ సర్క్యులర్ తెలుగులో ఆలోచించి హిందీలో రాశాను. మా పాలకొండలో కార్తీక కృష్ణపక్షమంటే కార్తీక పున్నమి వెళ్ళాక వస్తుంది. హిందీవాళ్ళకి నెల పున్నమితోనే అయిపోతుందనీ, వాళ్ళ కార్తీకంలో కృష్ణపక్షమే ముందు వచ్చి దీపావళితో పోతుందనీ నాకేం తెలుసు? మీరు నెల ముందే కోసేశారు. తప్పు తేదీన కోసిన కోత చెల్లదు. కత్తిరింపు సకాలంలో జరిగిందని నా రిపోర్టు వారం కిందటే వెళ్ళిపోయింది, కోత మాత్రం నిన్నటిదాకా కుదరలేదు."

"మరి పువ్వులండీ?"

"సర్క్యులర్‌లో పువ్వుల మాట లేదే! తనిఖీ కూడా రిపోర్టుతోనే సరిపెట్టేశారు. మారిన ఋతువుకి తగ్గట్టు పనిచేశానని నన్ను విశాఖకి బదిలీ చేశారు. అన్నట్టు, మీ ఇంట్లో అట్టపెట్టెలున్నాయట కదా, కాస్త ఖాళీ చేయించి పంపుతారా?"