గంగయ్య గురించి నాలుగు మాటలు

ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కోనసీమలో కాలువలు తవ్వుతున్న రోజులు. రాజోలు దగ్గర మిషను బడి పంతులు మత్తయికి పత్రికలో రాయాలని కోరిక. అతని మొదటి వ్యాసాన్ని బందరు పత్రికవారు తిప్పి పంపుతూ, "వర్ణన తగ్గించండి. ఊళ్ళో ఒక మనిషి గురించి, ఎరిగినవాళ్ళను అడిగి రాయండి" అన్నారు.

మత్తయి పడవ నడిపే గంగయ్యను ఎంచుకున్నాడు. శనివారం పొద్దున్నే కాగితం, కలం పట్టుకుని వెళ్ళాడు. గంగయ్య ధాన్యం పడవ మీద వెళ్ళి నాలుగు రోజులైంది. భార్య సూర్యావతి చేపలు శుభ్రం చేస్తోంది.

"గంగయ్యగారు ఎలాంటి మనిషండీ? వెళ్ళేముందు ఆఖరున ఏం మాట్లాడేరు?"

ఆమె చేతిలోని చేప జారిపోయింది.

"పడవకేమైనా అయిందాండీ పంతులుగారూ?"

"అది నేనింకా కనుక్కోలేదండి" అన్నాడు మత్తయి, తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదని.

సూర్యావతి గొల్లుమంది. పక్కింటి పాపాయమ్మ పరుగున వచ్చి, విని, అంతే పరుగున వెళ్ళింది. మత్తయి మరికొందరిని అడుగుదామని రేవుకు చేరేసరికి, అక్కడ నూకయ్య ఎదురొచ్చాడు.

"గంగయ్య పడవ మునిగిపోయిందటండీ."

మత్తయి కాగితం తీశాడు. "ఎవరు చెప్పేరండీ?"

"పాపాయమ్మండి. ఆవిడికి సూర్యావతి చెప్పిందట. సూర్యావతికెవరో పంతులుగారటండి."

మత్తయి అది రాసుకోలేదు. వెనక్కి పరుగెత్తాడు.

అప్పటికే వాకిలి నిండిపోయింది. ఆరేళ్ళుగా గంగయ్యతో మాటల్లేని అన్న ముసలయ్య అరుగు మీద కూలబడి ఉన్నాడు.

"అయ్యా, ఇదంతా నా..." అనబోయాడు మత్తయి.

"రాసుకోండి పంతులుగారూ. చిన్నప్పుడు వరదలో వాణ్ణి వీపు మీద ఎక్కించుకుని ఈదేనండి. నా చెవి పట్టుకుని కూర్చున్నాడు. నేనే ముందు పలకరించి ఉండాల్సిందండి."

మత్తయి రాసుకున్నాడు.

మధ్యాహ్నానికి గంగయ్య భుజాన మూటతో వచ్చాడు. జనాన్ని చూసి కంగారుపడ్డాడు.

"ఎవరు పోయేరు?"

"నువ్వేరా" అన్నాడు ముసలయ్య. లేచి వెళ్ళి తమ్ముణ్ణి రెండు చేతులా పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

మత్తయి తప్పు ఒప్పుకున్నాడు. గంగయ్య కోప్పడలేదు.

"ఏం రాసేరో చదవండి."

మత్తయి చదివాడు. వరద సంగతి వచ్చేసరికి గంగయ్య కాలువ వైపు తిరిగాడు.

"అక్కడ ఇంకోసారండి."

మూడుసార్లు చదివించుకుని, కాగితం మడిచి రొంటిన దోపుకున్నాడు.

"అది బందరు పంపాలండి" అన్నాడు మత్తయి.

"ఆయ్, పంపుదురుగాని."

మత్తయి వ్యాసం అలా ఒక్క పాఠకుడి దగ్గరే ఉండిపోయింది. ఆయనకు చదువు రాదు.