రాహేలు, మరో నాలుగు

మనిషి పుట్టడానికి తొమ్మిది నెలలు చాలు. పుట్టాడని ప్రభుత్వం ఒప్పుకోవడానికి మాత్రం పద్నాలుగు గళ్ళ ఫారం కావాలి. నాగరికత అంటే ఇదే.

ఆ ఫారం పట్టుకుని లిఫ్టు మెకానిక్ మూడున్నరకి పేర్ల నమోదు కార్యాలయం కిటికీ ముందుకు చేరాడు. వెనక అత్తగారు, ఆవిడ భుజాన ఇరవై ఒక్క రోజుల పాప. గడువు ఆ సాయంత్రమే. నాలుగు కొట్టేలోగా నమోదు కాకపోతే కార్యాలయమే మిగులు జాబితాలోంచి ఒక పేరు కేటాయిస్తుంది. (ఆవేళ వంతు "స్త్రీ, అదనపు, పదిహేడు"ది. పదహారు ఉదయమే ఎవరికో వెళ్ళిపోయింది.) తనని పెంచిన అమ్మమ్మ పేరు తప్ప మరో పేరుతో ఇంటికి రావద్దని భార్య గుమ్మంలోనే తేల్చి చెప్పింది.

"పేరు?" గుమాస్తా తల ఎత్తలేదు.

"రాహేలు అండి."

"అర్థం?"

"హీబ్రూలో ఆడగొర్రె అని."

గుమాస్తా తల ఎత్తాడు. పదేళ్ళ సర్వీసులో అది రెండోసారి.

"వేరే రూపాలు?"

"ఒక్కో దేశంలో ఒక్కోలా పిలుస్తారటండి. రాచెల్, రాహెల్, రకేల్, రషెల్..."

గుమాస్తా వేళ్ళు మడిచాడు. "మొత్తం ఐదు. నాలుగు దాటితే మంద కింద లెక్క. మూడో అంతస్తు, పశువుల విభాగం. అభ్యంతరం లేదని కాగితం తెండి."

"పాపండీ!"

"కాదన్నానా? పేరు పాపదే. అర్థం వాళ్ళ శాఖది."

మూడూ నలభై. మెకానిక్ లిఫ్టు వైపు చూశాడు. అది ఆర్నెల్లుగా కదలడం లేదు. (బాగుచేస్తానని అతనే పెట్టుకున్న దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉంది.) మెట్ల మీద పరుగు తీశాడు. అత్తగారు అతనికన్నా ముందే పైకి చేరింది.

పశువుల విభాగంలో క్యూ లేదు. ఫ్యాను తిరుగుతోంది. పశువైద్యుడు లేచి ఎదురొచ్చి కుర్చీ వేశాడు. పాప గుండె విన్నాడు, కళ్ళు చూశాడు, కాళ్ళు లెక్కపెట్టి, ఏదో అనబోయి మర్యాద కోసం ఊరుకున్నాడు.

"ఉన్ని పలచగా ఉంది."

"మా ఇంట్లో ఆడపిల్లలకి జుట్టు ఆలస్యమేనండీ," అంది అత్తగారు.

"సరే. కాగితంలో ఐదున్నాయి. ఇక్కడ ఒక్కటే ఉంది. మిగతావి ఏవమ్మా?"

మూడూ యాభై రెండు. మెకానిక్ తల తిప్పి చూశాడు. లెక్క తగ్గితే అక్రమ తరలింపు కింద ఫైలు ఆపేస్తారని గోడ మీద బోర్డే చెబుతోంది. ఫైలు ఆగితే పాప పదిహేడో నంబరు.

అత్తగారు పాపని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"మేతకెళ్ళాయి నాయనా."

"ఎప్పుడొస్తాయి?"

"పొద్దు గూకాక."

ఇంత స్పష్టమైన జవాబు ఆ గదిలో ఎవరూ ఇచ్చి ఉండరు. పశువైద్యుడు "మేతకు వెళ్ళినవి: నాలుగు" అని రాసి ముద్ర కొట్టాడు.

గడియారం నాలుగు కొట్టడం, గుమాస్తా ముద్ర పడటం ఒక్కసారే జరిగాయి. రాహేలు. "మా అమ్మ మళ్ళీ వచ్చేసింది అల్లుడూ," అని అత్తగారు పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

మెకానిక్ పత్రం తిప్పి చూశాడు. పశువుల రిజిస్టరు. అడుగున చిన్న అక్షరాల్లో సదుపాయాలు: ఇంటికొచ్చి టీకా, జబ్బు చేస్తే అదే రోజు డాక్టరు, ఎండాకాలం నీడ, తాగునీరు.

"పొరపాటు కాదది, పద్ధతి," అన్నాడు గుమాస్తా దయగా. "కావాలంటే మనుషుల రిజిస్టరులోకి మార్పించుకోవచ్చు. ఏడాది పడుతుంది."

"మారిస్తే అక్కడ కూడా ఇవన్నీ ఇస్తారా బాబూ?" అడిగింది అత్తగారు.

గుమాస్తా నిబంధనల పుస్తకం తీశాడు. మనుషుల అధ్యాయం మొదటి పేజీ నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివాడు. అందులో అన్నీ జరిమానాలే ఉన్నాయి.