రూలెట్ అక్షరాస్యతా దినం

"మన పట్టణంలో ఇకపై రూలెట్ తెలియక ఓడిపోయే పౌరుడు ఒక్కడూ ఉండడు!" అని మేయర్ కలోయాన్ తొపూజొవ్ మునిసిపల్ ఆఫీసు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. "ఓడితే తెలిసే ఓడతాడు!"

నల్లసముద్రం ఒడ్డున ఉన్న సోలెన్ రోగ్ పట్టణం చప్పట్లతో మారుమోగింది. ఆ ఉపన్యాసం రాసింది మేయర్‌గారి సలహాదారు ఎవ్‌స్తాతి. రాసినప్పుడు అందులో రెండో వాక్యం లేదు. అది మేయర్‌గారి సొంత ప్రతిభ.

ఇతర పట్టణాల మేయర్లు రోడ్లు, మంచినీళ్ళు అంటూ చిల్లర పనుల్లో కూరుకుపోయి ఉంటే, తొపూజొవ్‌గారు ఏకంగా అజ్ఞానం మీదే యుద్ధానికి దిగారు. బిసెర్ జూదశాలలో, టీవీ కెమెరాల ముందు, తామే స్వయంగా ఆడి జనానికి నేర్పుతామన్నారు.

"ఏమాత్రం తేడా వచ్చినా నువ్వు మళ్ళీ చేపల తనిఖీకి పోతావ్," అని ఎవ్‌స్తాతితో ముందే చెప్పారు. ఎవ్‌స్తాతి ఆ ఉద్యోగం మానేసి ఏళ్ళు గడిచాయి. అయినా వీధిలో పిల్లులు ఇప్పటికీ అతని వెంటే నడుస్తాయి.

అక్షరాస్యతా దినం ఉదయం హాలు కిక్కిరిసింది. జనం బానిత్సా అనే జున్ను రొట్టెలు తింటూ, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చున్నారు. ముందు వరసలో ఎడమ పక్క ఎర్రజెండా పార్టీ, కుడి పక్క నల్లసముద్ర పార్టీ. ఈ రెండూ చెరో భుజం కాస్తేనే మేయర్‌గారి కుర్చీ నిలబడుతుంది.

చక్రం దగ్గరుండే రాలిత్సా పాఠం మొదలుపెట్టింది. "సార్, ఇందులో ఒకటి నుంచి ముప్ఫై ఆరు దాకా అంకెలున్నాయి. సగం ఎర్రవి, సగం నల్లవి. ఈ ఒక్క ఆకుపచ్చది సున్నా. నేను చక్రం తిప్పి గోలీ వదుల్తాను. అదెక్కడ పడుతుందో ఊహించి మీరు బల్ల మీద డబ్బుకి బదులు ఈ బిళ్ళలు పెట్టాలి."

"చక్రం తిప్పడం నాకే నేర్పుతావా అమ్మాయ్? నా రాజకీయ జీవితమంతా తిప్పింది అదేగా!"

హాలు గొల్లుమంది.

"ఒకే అంకె మీద పెట్టి గెలిస్తే ఒకటికి ముప్ఫై అయిదు ఇస్తాం సార్."

"ఒక్కదాన్నే నమ్ముకుని మిగతావాళ్ళందరితో వైరమా? వద్దు."

"రెండంకెల మధ్య గీత మీద పెడితే ఏదొచ్చినా ఒకటికి పదిహేడు. నాలుగు గళ్ళు కలిసే మూలలో పెడితే ఎనిమిది."

మేయర్‌గారి కళ్ళు మెరిశాయి. "గీత మీద! ఎటూ కాకుండా! ఈ ఆట కనిపెట్టినవాడు ఎక్కడో మేయర్‌గా చేసే ఉంటాడు."

"ఎందర్ని కలుపుకుంటే అంత తక్కువొస్తుందండీ."

"అది నాకు తెలీదా తల్లీ!"

"పన్నెండంకెల గుంపు మీద పెడితే ఒకటికి రెండు. ఇక సరి, బేసి, పద్దెనిమిది దాకా, ఆపైన, ఎరుపు, నలుపు. వీటికి ఒకటికి ఒకటే."

ఎరుపు అనగానే ఎడమ వరస లేచి చప్పట్లు కొట్టింది. నలుపు అనగానే కుడి వరస ఈలలు వేసింది. "ఎరుపు మీద పెట్టారో, రేపు బడ్జెట్‌కి ఎవరు చెయ్యెత్తుతారో చూస్తాం!" అని నల్లసముద్ర నాయకుడు బొరిమిర్ మీసం దువ్వాడు.

మేయర్‌గారు పక్కకి వంగారు. "ఏం చేద్దామయ్యా?"

"సరి సంఖ్య మీద పెట్టేయండి సార్, గొడవుండదు," అన్నాడు ఎవ్‌స్తాతి.

"కౌన్సిల్లో ఎర్రజెండావాళ్ళు పదిమంది, నల్లసముద్రంవాళ్ళు పదకొండు. సరి అంటే ఎర్రజెండావాళ్ళేగా!"

"పోనీ పద్దెనిమిది దాకా?"

"కుర్రాళ్ళ వైపు మొగ్గానని ముసలాళ్ళు అలుగుతారు."

చివరికి మేయర్‌గారు ఎరుపు మీద ఒక కుప్ప, నలుపు మీద సరిగ్గా అంతే కుప్ప పెట్టారు.

"అలా పెడితే ఒకచోట వచ్చింది ఇంకోచోట పోతుంది సార్. ఏమీ మిగలదు," అంది రాలిత్సా.

"ఏమీ మిగలకపోయినా అందరూ సంతోషంగా ఉంటే దాన్నే సుస్థిర పాలన అంటారు."

గోలీ ఎరుపులో పడింది. ఎడమ వరస ఎగిరి గంతేసింది. మరోసారి నలుపులో పడింది. కుడి వరసవాళ్ళు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. మేయర్‌గారి బిళ్ళలు పెరగలేదు, తరగలేదు. టీవీ విలేకరి దాన్ని చారిత్రక సమతూకమంది. ఆ మాటకి ఉబ్బిపోయిన మేయర్‌గారు మిగిలిన బిళ్ళలన్నీ రెండు కుప్పలుగా నెట్టేశారు.

"ఇక పందేలు ఆపండి," అంది రాలిత్సా. గోలీ తిరిగి తిరిగి, తడబడి, ఆకుపచ్చ గడిలో కూర్చుంది.

రాలిత్సా రెండు కుప్పలూ తనవైపు లాగేసుకుంది.

"ఆగాగు! ఎరుపు గెలవలేదా?"

"లేదండీ."

"మరి నలుపు?"

"సున్నా వస్తే రెండూ ఓడినట్టే."

"ద్రోహం!" అని ఎడమ వరస అరిచింది. "ఆకుపచ్చవాళ్ళతో లోపాయికారీ ఒప్పందం!" అని బొరిమిర్ కుర్చీ ఎక్కాడు. మేయర్‌గారు ఎవ్‌స్తాతి వైపు చూశారు. ఎవ్‌స్తాతి ముక్కుకి ఎక్కణ్ణుంచో చేపల వాసన కొట్టింది.

"సార్, 'ఇది ఓటమి కాదు, పాఠం' అనండి," అని గొణిగాడు.

మేయర్‌గారు చేతులెత్తారు. "ప్రజలారా! ఇది ఓటమి కాదు, పాఠం! మీ అందరి బదులూ నేనొక్కణ్ణే ఓడిపోయాను! మీ వంతు ఓటమి అయిపోయింది!"

పైకప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. జనం చప్పట్లు కొడుతున్నారని చూసి రెండు పార్టీలూ ఇంకా గట్టిగా కొట్టాయి. ఎవ్‌స్తాతి మెల్లగా ఊపిరి వదిలాడు.

"అవ్వా, ఇవాళ ఏం నేర్చుకున్నావు?" అని విలేకరి ఒక ముసలావిడ ముందు మైకు పెట్టాడు.

"సున్నా మీద పెట్టాలని నేర్చుకున్నా. తప్పుకో నాయనా," అని ఆవిడ బిళ్ళలమ్మే కిటికీ దగ్గరికి నడిచింది. హాలంతా ఆవిడ వెనకే తోసుకుంటూ కదిలింది. అందరికంటే ముందు మోచేతులతో తోసుకుపోయినవాడు బొరిమిర్.

మేయర్‌గారు నుదురు తుడుచుకున్నారు. "ఎవ్‌స్తాతీ, ఆ ఆకుపచ్చ ఎవరి పార్టీదో కనుక్కో. పొత్తు మాట్లాడదాం."

"అది పార్టీది కాద్సార్," అంది రాలిత్సా. "ఓడిన బిళ్ళలన్నీ హాలు యజమానికి పోతాయి."

"ఎవడా యజమాని?"

కొత్త బల్లలు వేయిస్తున్న మేనేజరు తెల్లబోయి చేతులు కట్టుకున్నాడు. "పరీక్షిస్తున్నారా సార్? హాలు మన మేడమ్‌గారిదే కదండీ."

"మా ఆవిడదా?"

"అవునండీ."

మేయర్‌గారు కోటు విప్పి కుర్చీకి తగిలించి, బల్ల ముందు స్థిరపడ్డారు.

"అమ్మాయ్, ఇందాకటిలాగే మునిసిపాలిటీ ఖాతాలో రాసి ఇంకో గంపెడు బిళ్ళలు తెప్పించు. జనానికి పాఠం ఇంకా పూర్తిగా ఒంటబట్టినట్టు లేదు."