నాలుగు వేళ్ల నేల

మరుగుదొడ్డి తలుపుకు గడియ పెట్టించమని ఎర్నమ్మ అడిగిన మర్నాటి నుంచి, బట్టల ఫ్యాక్టరీలో ఆమె స్టూలు కింద నేల రోజుకు నాలుగు వేళ్ల చొప్పున దిగిపోసాగింది. యాజమాన్యం ఆమెను పొమ్మనలేదు. లోతు కొలిచి, రిజిస్టరులో రాసి, రోజూ వేలిముద్ర వేయించుకునేవారు.

పన్నెండో రోజుకు ఆమె చేతులు పైకెత్తి కుట్టేది. పక్క మిషను సన్యాసమ్మ వంగి కాలర్లు అందించేది. పని తగ్గనందుకు సూపర్‌వైజరు ఇద్దరినీ మెచ్చుకున్నాడు. ఇరవయ్యో రోజున మిషను అందలేదు.

"ఒలే సన్యాసీ, నీకు అచ్చరాలొచ్చు గదే. ఈ గోతిలో పని సెయ్యలేక ఎల్లిపోతన్నానని రాయే."

సన్యాసమ్మ నలభై దాటాక చదువు నేర్చుకుంది. సూపర్‌వైజరు కాగితం తెచ్చి పక్కనే నిలబడ్డాడు.

"గొయ్యి అనే మాట ఫారంలో లేదమ్మా. సొంత కారణాలని రాయి."

ఆమె తప్పు లేకుండా రాసింది. ఎర్నమ్మ వేలిముద్ర వేసింది. నిచ్చెన వేసి ఆమెను మర్యాదగా పైకి తీశారు.

ఎర్నమ్మ ఫిర్యాదు మీద, ఆమెను వెంటబెట్టుకుని కార్మిక శాఖ అధికారి విచారణకు వచ్చాడు. గొయ్యి నిజమైతే ఇది రాజీనామా కాదని, తీసేయడమేనని, ఆమెను మళ్లీ పనిలో పెట్టుకోవాలని చెప్పాడు. గోతి అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి సన్యాసమ్మను అడిగాడు.

"ఇక్కడ గొయ్యి ఉందా?"

సూపర్‌వైజరు సన్యాసమ్మ స్టూలు వైపు చూశాడు.

"నేదు బాబూ. నేల సమంగానే ఉంది."

"మరి ఈ రాజీనామా కాగితం?"

"ఎర్నమ్మ సెప్పిందే రాసినాను."

ఎర్నమ్మ కోప్పడలేదు. "దస్తూరీ బాగా కుదిరిందే. నా పేరెక్కడుందో ఓపాలి సూపించు," అంది.

సన్యాసమ్మ వేలు పెట్టి చూపించింది. ఆ వేలు అక్కడి నుంచి తీయడానికి చాలాసేపు పట్టింది.

ఎర్నమ్మ తనంతట తానే మానేసినట్టు తేలింది. గొయ్యి మీద పలక పరిచి కొత్త మనిషిని కూర్చోబెట్టారు.

ఇన్నేళ్లూ సన్యాసమ్మ మరుగుదొడ్డికి వెళితే బయట తలుపు పట్టుకున్నది ఎర్నమ్మే. ఆ మధ్యాహ్నం సన్యాసమ్మ లోపల కూర్చుని ఒక చేత్తో తలుపు లాగి పట్టుకుంది. "గడియుంటే బాగున్ను," అని గొణుక్కుంది. ఎవరూ వినలేదు.

మర్నాడు ఆమె స్టూలు నాలుగు వేళ్లు దిగి ఉంది. రిజిస్టరులో ఆమె గుండ్రంగా సంతకం చేసింది. ఆ మరుసటి రోజు ఇంటి నుంచి పీట తెచ్చుకుంది. స్టూలు కిందకు దాన్ని తోయడానికి వంగినప్పుడు, వరసలో ప్రతి స్టూలు కిందా ఒకటో రెండో పీటలు కనిపించాయి. కొన్ని బాగా అరిగి ఉన్నాయి.