దర్జీవీరుని గగనస్థలాన్వేషణము

వినుడు, చెవులు రిక్కించి వినుడు! లోకమంతయు కునుకుతీయు ఆదివారమున, అద్దెయింటి రెండవ అంతస్తున, భోజనపు బల్లనంతయు నాక్రమించి ఆరు మాసములుగా శయనించియున్న విమానమును గూర్చియు, దానిని గాలిలోనికి లేపుటకు జానెడు జాగా దొరకక దిక్కులన్నియు గాలించిన కత్తెరపాణి, కొలతటేపు కంఠహారుడు, సూచీసంగ్రామ ధురంధరుడునగు దర్జీని గూర్చియు చెప్పెదను.

మూడడుగుల రెక్కలుగల థర్మకోల్ దేహమునకు లైనింగు గుడ్డ తొడిగి అతడు స్వహస్తములతో కుట్టిన విమానమది. దాని మూలమున దంపతులు ఆరునెలలు నేలపైనే భుజించిరి. ఎంతటి సహనమునకైనను ఒక హద్దుండును గదా! ఆనాడు ఇల్లాలు చీపురు చేతబూని శాసనము వెలువరించెను.

“ఏవండీ, ఇవాళ పొద్దుగూకేలోపు అది ఎగిరిందా సరే. లేదంటే రేపు పాత సామాన్లవాడికి వేసేస్తా. నా బల్ల నాక్కావాలి.”

“ఎగరెయ్యడానికి చోటు దొరకాలి కదే!”

“నాలుగు వారాలుగా ఇదే పాట. పదండి, నేనూ వస్తా.”

అంతట విమానము అతని శిరస్సుపైనను, రిమోటు ఆమె చేతిసంచిలోను వెలయ, ఇరువురును దండయాత్రకు వెడలిరి. ప్రథమమున పార్కు ద్వారముకడ కావలివాడు ఈల పూరించెను.

“సార్, ఇక్కడ నడవాలి, అంతే. పరిగెత్తినా ఊరుకోం.”

“ఓరీ ద్వారపాలకా! ఆకాశమునకు గేటు పెట్టినవాడెవ్వడు? మేఘములకు నీవు టిక్కెట్టు చింపితివా? తొలగుము! లేదేని నా యంత్రఘోషమున నీ ఈల మూగవోవును!” అని వీరుడు గర్జించెను, మనసులో. నోటితో మాత్రము “అలాగేనండి” అనెను.

ఆటస్థలమున బంతులు శరపరంపరలై దూసుకొనిపోవుచుండ, బొజ్జలుగల బ్యాటుధారులు “రెక్క విరిగితే మమ్మల్ననకండి బాబూ” అని ముందే చేతులు దులుపుకొనిరి. ఆవలి ఖాళీస్థలముపైన కరెంటు తీగలు అల్లుకొనియుండెను. పొద్దు వాలుచుండెను. దర్జీ ముఖము వెలవెలబోయెను. చెప్పులు కరచిన కాళ్లతో ఇల్లాలు నడివీధిలో నిలిచి, “ఇంత ఊళ్ళో మూడడుగుల దానికి చోటే లేదా? ఏం చోద్యం!” అని అరచెను. పొద్దుట విమానముపైనుండిన కోపము ఇప్పుడు ఊరిపైకి మళ్లెను.

అప్పుడామెకు లాండ్రీ వెనుక దుప్పట్లారవేయు ఆవరణము కనబడెను. ఆదివారమగుటచే తాళ్లన్నియు విప్పి మూలన కుప్పవేసియుండిరి. లాండ్రీ యజమానురాలు ప్లాస్టిక్కు కుర్చీలో కూర్చుండి టీ త్రాగుచుండెను. “ఓ సకలమలాపహారిణీ, శ్వేతవస్త్రసామ్రాజ్ఞీ” అని దర్జీ గొంతు సవరించుకొనుచుండగనే ఇల్లాలు అతనిని దాటి ముందుకు నడచెను.

“అక్కా, మా ఆయన ఇదొకటి కుట్టాడు. పది నిమిషాలు ఎగరేసుకుంటాం.”

“అంతేనా? గోడ మాత్రం దాటకూడదు. అవతల కుక్కుంది.”

లేచెను! గగనకుసుమమనుకొన్న విమానము గగనమునకే లేచెను! కాని హా, ఎడమకే తిరుగుచుండెను! వీరుడు రిమోటు పుల్లను కుడికి ఎంత నొక్కినను వినక, మొండికెత్తిన గానుగెద్దువలె ఆవరణములోనే ఒక చుట్టు, రెండు చుట్లు, మూడవది సగము తిరిగి తాళ్లకుప్పపై పడెను. పదునేడు సెకన్లు. ఒక్క గీటైనను పడలేదు.

అతడు ఎడమరెక్కను తడిమిచూచి నాలుక కరచుకొనెను. లోపల రెండంగుళముల గుడ్డ మడిచి కుట్టబడియుండెను. కుడిరెక్కకు గుడ్డ చాలక ఆ మడత లేకపోగా, బరువు ఎడమకే మొగ్గెను.

“లావైతే విప్పుకోడానికుంటుందని... చెయ్యి అలవాటుకొద్దీ వదిలేసిందే.”

“విమానం కూడా ఒళ్ళు చేస్తుందా అండీ!” ఆమె పొట్ట పట్టుకొని నవ్వెను. ఆరునెలలకు ఆ ఇంటి నవ్వు వినబడెను. అతనికి సిగ్గును, సంతోషమును ఒక్కసారే కలిగెను.

“ఇంటికెళ్ళి సరిచేస్తాలే. తిన్నగా పోతుంది.”

“తిన్నగా పోతే గోడ దాటదూ? దాన్ని ముట్టుకోకండి.” ఆమె కుర్చీవైపు తిరిగెను. “అక్కా, వచ్చే ఆదివారం కూడా తాళ్లు విప్పుతారా?”

“నాలుగింటికి రండి. పావుగంటే మరి.”

జయము! జయము! నాటినుండి ప్రతి ఆదివారము, నాలుగు మొదలు నాలుగుంబావు వరకు, గోడ దాటనంత మేర, ఆకాశమంతయు వారిదయ్యెను.