పదకొండింటికి మూసేసే మార్పిడి షెడ్డు

భీమిలి తీరంలో ఏటా జరిగే మూడు పందేల పోటీలో పాల్గొన్న ప్రతి మనిషీ ముగ్గురు మనుషులుగా విడిపోతాడన్నది కొత్త విషయమేమీ కాదు; కోరాడ సన్యాసినాయుడు తన ముగ్గురిలో ఒకణ్ణి పదకొండులోగా వెనక్కి తీసుకోలేకపోవడమే ఈ ఏడు కాస్త చెప్పుకోదగ్గ సంగతి.

పద్ధతి సులువే. ఏడువందల యాభై మీటర్లు సముద్రంలో ఈది ఒడ్డుకొచ్చినవాడు మార్పిడి షెడ్డులోకి వెళ్ళి, తడిబట్టలతోపాటు ఈతమనిషిని కూడా విప్పి బెంచీ మీద కూర్చోబెట్టి, టోకెను పుచ్చుకుంటాడు. మిగిలినవాడు సైకిలెక్కి ఇరవై కిలోమీటర్లు తొక్కి వచ్చి, సైకిలుమనిషిని సైకిలుతో సహా అక్కడే వదిలి ఇంకో టోకెను పుచ్చుకుంటాడు. చివరికి పరుగుమనిషి అయిదు కిలోమీటర్లు పరిగెత్తి గీత దాటి, రెండు టోకెన్లూ చూపించి, తనవాళ్ళిద్దర్నీ విడిపించుకుని కలుపుకుంటాడు. ముగ్గురూ 'పూర్తి మనిషి' ఫారం మీద సంతకాలు పెట్టాలి. మూడూ ఒకేలా ఉండాలి. ఇదంతా ఉదయం పదకొండులోగా జరగాలి, ఆ తర్వాత మిగిలిపోయినవాళ్ళు సంఘానికి చెందుతారు. ఈ ఆఖరి నిబంధన ఫారం వెనకవైపు ఉంటుంది. ఫారం వెనక్కి తిప్పి చూసినవాడు ఇంతవరకూ లేడు.

సన్యాసినాయుడికి నలభై నాలుగేళ్ళు. విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు. పొట్ట తగ్గించమని డాక్టరు చెబితే పోటీకి పేరిచ్చాడు. సైకిలు తొక్కడం అతనికి తిట్టుకుంటూ చేసే పని, పరుగు రోజూ బస్సు కోసం చేసే పనే. ఈత మాత్రం వేరు. చిన్నప్పుడు గోస్తని నదిలో నేర్చుకున్న ఈత. నీళ్ళ మీద వెల్లకిలా పడుకుంటే చాలు, అతని గొంతులోంచి తనంతట తనే ఏదో కూనిరాగం బయటికొచ్చేది. నేల మీద ఆ రాగం వినబడి పదిహేనేళ్ళు దాటింది.

"మిగతా ఇద్దరూ ఎటు పోయినా పర్లేదు," అన్నాడు ముందురోజు భార్య వరహాలుతో. "ఈతవాడు మాత్రం జాగ్రత్త. వాడు పోతే ఇంక నాలో నవ్వేవాడు లేడు."

"ఉన్న ఒక్కరే ఇంట్లో కనబడరు. మళ్ళీ ముగ్గురెందుకండీ?" అంది వరహాలు, పొద్దున్నే తాగాల్సిన రాగిజావకి పిండి కలుపుతూ.

పోటీ ఆరున్నరకి మొదలైంది. ఈత ఇరవై రెండు నిమిషాల్లో అయిపోయింది. చివరి వంద మీటర్లు నాయుడు కావాలనే వెల్లకిలా తిరిగి నెమ్మదిగా వచ్చాడని పడవలో కూర్చున్న పరిశీలకుడు రాసుకున్నాడు. షెడ్డులో ఈతమనిషి బెంచీ మీద కూర్చుని, కాళ్ళూపుకుంటూ, ఎదురుగా ఉన్న గోడని చూసి నవ్వుతున్నాడు. షెడ్డు చూసుకునే పైడమ్మ అతనికో తువ్వాలిచ్చి, నాయుడి చేతిలో నూట పన్నెండో నంబరు టోకెను పెట్టింది.

ఇక్కడే నాయుడు తప్పు చేశాడు. తప్పంటే మరీ పెద్ద మాట, అలవాటు. సింహాచలం కొండ మీద చెప్పుల స్టాండు టోకెనైనా, బ్యాంకు లాకరు తాళమైనా చేతికందిన మరుక్షణం భార్యకిచ్చేయడం అతనికి పెళ్ళైన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. జనాన్ని ఆపడానికి కట్టిన తాడుకి అవతల నిలబడ్డ వరహాలుని చూడగానే, "ఇది దాచు," అని టోకెను ఆమె చేతిలో పెట్టేసి సైకిలెక్కాడు.

ఆ ఇరవై కిలోమీటర్లూ సైకిలుమనిషి సీటు గట్టిగా ఉందనీ, ఎదురుగాలి కావాలనే తన మీదికే వీస్తోందనీ గొణుగుతూనే ఉన్నాడు. మలుపు దగ్గర జెండా పట్టుకున్న మనిషితో తగాదా పెట్టుకుని నాలుగు నిమిషాలు పోగొట్టుకున్నాడు. రెండో టోకెను ఇద్దామంటే తాడు దగ్గర వరహాలు కనబడక, పరుగుమనిషి దాన్ని జేబులోనే వేసుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. వాచీ చూసుకుంటూ పరిగెత్తి, గీత దాటి ఇంకో యాభై అడుగులు ఆగకుండా పోతే, ఇద్దరు మనుషులు పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

నాలిక మీద తడి లేదు. గంటకి పైగా టెంటులో పడుకోబెట్టి గ్లూకోజు నీళ్ళు తాగించారు. లేచి షెడ్డుకి వచ్చేసరికి పదిన్నర. సైకిలుమనిషిని తన టోకెనుతో విడిపించుకుని కలుపుకున్నాడు. వెంటనే నడుం నొప్పి కూడా వచ్చి చేరింది. తర్వాత ఈతవాడి బెంచీ వైపు చూశాడు. తడి తువ్వాలు ఒక్కటే ఉంది.

"మీ ఆవిడొచ్చి టోకెనిచ్చి పట్టుకెల్లిపోనాది బావూ," అంది పైడమ్మ. "తడిబట్టల్తో జలుబు సేస్తాదని ఒకటే గోల. పనిలో పని, ఆవిడిది కూడా ఒకర్తి ఉంటే పట్టుకెల్లమన్నాను."

"ఆవిడదా? ఆవిడ పోటీలో లేదు కదా!"

"ఆడోల్లకి పోటీ ఏటి బావూ? పెల్లైన కొత్తలో సముద్రం సూడ్డానికొచ్చి, ఒకర్తిని ఇక్కడే దిగబెట్టీసి ఎల్తారు. టోకెను ఎవులూ ఇవ్వరు, ఎవులూ అడగరు. అదిగో, అటేపు షెడ్డు. ఎప్పుడో నిండిపోనాది."

నాయుడికి గుండె గుభేలుమంది. ఆడవాళ్ళ షెడ్డు సంగతికి కాదు, టైము పదీ ముప్పై ఆరు అయినందుకు. పరుగున ఇసకలోకి వెళ్ళాడు. వరహాలు హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఒడ్డున ఒంటరిగా కూర్చుని ఉంది.

"వాడేడీ?"

వరహాలు చెయ్యెత్తి సముద్రం వైపు చూపించింది. అలల్లో ఈతమనిషి వెల్లకిలా తేలుతున్నాడు. పక్కన చీర కుచ్చిళ్ళు ఎగదోపుకున్న ఇరవై రెండేళ్ళ పిల్ల అతని మొహం మీద నీళ్ళు చిమ్మి పకపకా నవ్వుతోంది. ఆ పిల్ల వరహాలే.

"గుర్తుందా?" అంది ఒడ్డునున్న వరహాలు. "పెళ్ళైన మూడో వారం ఇక్కడికే వచ్చాం. ఇంకొక్క అల, ఇంకొక్క అల అంటున్నాను. మీరు బస్సు టైమైందన్నారు. అప్పుడు దిగిపోయినట్టుంది నాలోంచి. నేనూ చూసుకోలేదు."

"అవన్నీ తర్వాత! ముందు వాణ్ణి పిలు, సంతకం పెట్టాలి!"

"పిలిచానండీ. వస్తాం పదండి అన్నారు. అనుకుంటూనే లోపలికెళ్ళిపోయారు."

నాయుడు మోకాలి లోతు దాకా దిగాడు. అంతకుమించి దిగడానికి వీల్లేదు, ఎందుకంటే అతనిలో ఇప్పుడు ఈత వచ్చినవాడు లేడు. ఈతమనిషిని సముద్రంలోంచి తీసుకురాగల మనిషి ఈతమనిషి ఒక్కడే. ఇది ఫారంలో ఎక్కడా రాయలేదు కానీ, ఆలోచిస్తే తెలిసే విషయమే. పరిగెత్తడం వల్లా, గొణగడం వల్లా సముద్రంలో పని జరగదు. అయినా రెండూ చేసి చూశాడు.

"ఒరేయ్, రారా! పదకొండవుతోంది! నువ్వు లేకపోతే నేనేమైపోవాలి?" అని అరిచాడు. ఆ మాట అన్నాక ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ఈతమనిషి తల తిప్పి చూశాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. "తొందరేముంది?" అని, మళ్ళీ వెల్లకిలా తిరిగి కూనిరాగం అందుకున్నాడు. పదిహేనేళ్ళ తర్వాత ఆ రాగం వింటూ, వరహాలు ఒడ్డున కళ్ళు మూసుకుంది. నాయుడు వాచీ చూసుకున్నాడు. పదకొండింటికి ఈల మోగింది.

సంఘం కార్యదర్శి జామి త్రినాథరావు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, షెడ్డు తలుపుకి సీలు వేసి, నాయుడికి పోటీ పూర్తిచేసిన పతకం మెడలో వేసి, సర్టిఫికెట్టు ఇచ్చాడు. 'పూర్తి మనిషి' అన్నచోట 'పూర్తి' కొట్టేసి, 'పనికి సరిపడా' అని రాసి ఉంది.

"ఆఫీసులో ఏమైనా అంటారేమో మాస్టారూ," అన్నాడు నాయుడు.

"ఏమీ అనరు. నావాడొకడు ఇక్కడే మిగిలిపోయి ఇరవై ఆరేళ్ళు. స్కూల్లో ఉత్తమ ఉపాధ్యాయుడినని శాలువా కప్పారు," అన్నాడు మాస్టారు, ఈల జేబులో పెట్టుకుంటూ.

మాస్టారు చెప్పినట్టే అయింది. సోమవారం ఆఫీసులో హాజరు వేసే వేలిముద్ర యంత్రం అతణ్ణి మొదటిసారే ఒప్పుకుంది. మధ్యాహ్నం క్యారేజీల దగ్గర విషయం చెబితే, సెక్షన్లో ఉన్న ఎనిమిదిమందీ తలెత్తకుండానే తమ తమ పాత టోకెను నంబర్లు చెప్పారు. నెల తిరక్కుండానే ఆఫీసరు పిలిచి, ఈమధ్య చురుగ్గా ఉన్నారు, ఇలాగే ఉండండి అన్నాడు.

నాయుడూ వరహాలూ నెలకో ఆదివారం భీమిలి వెళ్ళి వస్తారు. వరహాలు గిన్నె నిండా పులిహోర చేసి తీసుకెళ్ళి పైడమ్మకిస్తుంది, వాళ్ళిద్దరికీ పెట్టమని.

"మా గురించి ఏమైనా అడుగుతారా?" అన్నాడు నాయుడు ఒకసారి.

"నేదు బావూ. ఎవులో పెద్దోల్లు పులిహోర అంపించినారని సెప్తాను. సల్లగా ఉండాలంటారు."

ఆ ఆదివారం ఇద్దరూ చాలాసేపు ఒడ్డున నిలబడి చూశారు. అలల్లో వాళ్ళిద్దరూ చేతులు పట్టుకుని ఎగురుతున్నారు. కూనిరాగం ఇక్కడిదాకా వినబడుతోంది.

"ఎంత బాగున్నారో కదండీ," అంది వరహాలు.

"మనవాళ్ళే కదా," అన్నాడు నాయుడు, కాస్త గర్వంగానే. "ఇంకొక్క అల చూసి వెళ్దామా?"

వరహాలు ఖాళీ గిన్నె సంచీలో పెట్టుకుని, అతని చెయ్యి తిప్పి వాచీ చూసింది.

"బస్సు టైమైంది, పదండి," అంది. ఇద్దరూ పరిగెత్తారు.