తొలిచూలుకే నలుగురు

జనాభా లెక్కల వారంలో ఒకెలేరి జనాభా తొమ్మిది వేల నుంచి అరవై వేలకు పెరిగిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఈ అభివృద్ధి కోసం ఏ తల్లీ పురిటినొప్పులు పడలేదు.

నైజీరియాలో ఊరికి నిధులు తలల్ని బట్టి వస్తాయి. పైగా నది అవతల అగ్బోరో ఉంది. అగ్బోరో కన్నా ఒక్క తల తగ్గిందంటే ఒకెలేరి వాళ్ళకు యామ్ దుంప ముద్ద గొంతు దిగదు. అందుకే కౌన్సిల్ చైర్మన్ గ్బడెగేషిన్ గారు సంతలో షామియానా వేయించి, "మీరు తలకాయలు తెండి, నేను ఆసుపత్రి తెస్తా!" అని గర్జించారు. లాగోస్‌లో, ఇబాదాన్‌లో ఉన్న కొడుకుల కోసం బస్సులు వెళ్ళాయి. వాళ్ళు అక్కడోసారి లెక్కకెక్కి, ఇక్కడికొచ్చి ఇంకోసారి ఎక్కారు. దేశభక్తి ఒక్కచోట ఇమిడేది కాదు కదా! చచ్చిపోయిన పెద్దలు ముసుగులు వేసుకుని వీధుల్లోకి వచ్చే ఎగుంగున్ పండగ కూడా ఆ వారమే పడింది. ముసుగు లోపలి మనిషిని ఒకరిగా, ముసుగులోకి దిగివచ్చిన తాతగారిని ఇంకొకరిగా రాసుకున్నారు. తాతగారు ఈ ఊరివారు కాదని ఎవరనగలరు?

కుట్టుపని చేసుకునే డున్సిన్‌కి అప్పుడు ఏడో నెల, తొలిచూలు. వాళ్ళక్క కాన్పులోనే పోయింది. ఊరంతటికీ ఉన్నది ఒక్క నర్సు మొనిషోలా, ఆమెకున్నది ఒక్క కురిసే గది. ఆసుపత్రి అన్న మాట వినబడితే చాలు, డున్సిన్ కుట్టుమిషను ఆపి చెవి అటు వేసేది.

చైర్మన్ గారు గుమాస్తాను వెంటబెట్టుకుని స్వయంగా ఇంటికొచ్చి ఆమె పొట్టను పరీక్షగా చూశారు.

"కవలలు."

"ఒక్కరేనని నర్సమ్మ చెప్పిందండీ."

"నర్సమ్మకేం తెలుసమ్మా? మన యొరుబా వాళ్ళ కడుపులంటేనే కవలలకి పేరు. రాయవయ్యా!"

గుమాస్తాకు పేర్లు అడిగే పనే పడలేదు. కవలల్లో ముందు పుట్టింది టైవో, తర్వాతది కెహిండే, ఆడైనా మగైనా అంతే. వాళ్ళ తర్వాత పుట్టే బిడ్డ ఇడోవు, ఆ తర్వాత అలబా. తరతరాలుగా పేర్లు సిద్ధంగా ఉండగా, పిల్లలు లేరనే సాకుతో మధ్యలో ఆపడం అతనికి భావ్యమనిపించలేదు. నలుగురినీ ఎక్కించాడు.

డున్సిన్ అత్తగారు అబేజే గుండెలు బాదుకుంది. "పిల్లల్ని లెక్కపెట్టకూడదు నాయనా! కడుపులోవాళ్ళనైతే అసలే వద్దు!"

"ఊరుకోండత్తయ్యా, ఆసుపత్రి వస్తుంది," అంది డున్సిన్.

అగ్బోరోలో ముసలమ్మలందరూ అబేజే లాంటివాళ్ళే. "ఒకరి పిల్లల్ని ఇంకొకరు లెక్కపెట్టడమేంట్రా, వాళ్ళేమన్నా మేకలా?" అని తిట్టి తలుపులేసుకున్నారు. లెక్కలవాళ్ళకు అరుగుల మీద నిద్రపోతున్న మగాళ్ళు మాత్రం దొరికారు. అగ్బోరో లెక్క రెండు వేలు దాటలేదు. ఒకెలేరి కడుపు పట్టుకుని నవ్వింది.

ఏళ్ళు పట్టే ఫలితాలు ఈసారి నెలన్నరలో వచ్చాయి. ఒకెలేరి నగరమైంది. ఊరంతా ఒకే రంగు గుడ్డ కుట్టించుకుని, జొలోఫ్ అన్నం తిని, డప్పులు పగిలేలా ఆడింది. ఆ గుడ్డలు కుట్టింది డున్సినే. మర్నాడు ఉత్తర్వు వచ్చింది. నర్సులను ఇచ్చేది పల్లెలకే, నగరాలకు ఆసుపత్రులు ఉంటాయి కనుక ఒకెలేరి నర్సును దగ్గర్లోని పల్లెకు బదిలీ చేయడమైనది. దగ్గర్లోని పల్లె అగ్బోరో. నగరానికి మాత్రం అరవై వేల మందికి సరిపోయేంత ఆసుపత్రి మంజూరై, దాని తాలూకు శంకుస్థాపన రాయి వచ్చింది. చాలా నునుపైన రాయి. ఊళ్ళో మేకలకు దానిమీద మంచి నిద్ర పట్టేది.

డున్సిన్‌కి నొప్పులు సంతలో మొదలయ్యాయి. అబేజే ఆమెను పడవ ఎక్కించింది. నది మధ్యలో డున్సిన్ భయం పట్టలేక ఏడ్చేసింది.

"అత్తయ్యా, నేనూ మా అక్కలాగే పోతాను!"

"నోర్ముయ్! అసలే ఊళ్ళో నిజంగా ఉన్నవాళ్ళు తక్కువ, నువ్వూ పోతే ఎలాగే!"

అవతలి ఒడ్డున మొనిషోలా చేతులు కడుక్కుని నిలబడి ఉంది. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. ఒక్కతే. తల్లీ బిడ్డా క్షేమం.

ఎనిమిదో రోజు పేరుపెట్టే వేడుకకు చైర్మన్ గారు సపరివారంగా వచ్చి, పాపను చూసి, చాప కింద కూడా చూశారు.

"రెండోదేదమ్మా?"

"ఒక్కతేనండీ."

"రికార్డు ప్రకారం నలుగురు కదమ్మా. నగరం పరువు నీ చేతుల్లో ఉంది."

డున్సిన్‌కి నది మధ్యలో పడ్డ భయమంతా ఒక్కసారి గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది. "మిగతా ముగ్గురూ మీ ఆసుపత్రిలోనే పుడదామని ఆగారండీ," అంది.

చైర్మన్ గారు రెప్ప కూడా వేయలేదు. అతిథుల వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తారు. "విన్నారా! పుట్టని బిడ్డలకు కూడా మన ఆసుపత్రి మీద ఎంత నమ్మకమో!"

జనం చప్పట్లు కొట్టారు. డప్పులు మోగాయి. డున్సిన్ భర్త ఈల వేశాడు. అబేజే కూడా చప్పట్లు కొట్టింది. డున్సిన్ ఒక్కతే కొట్టలేదు. చేతుల్లో పాప ఉంది మరి, లేకపోతే తనూ కొట్టేదే.